డిచ్‌పల్లి డాక్టరమ్మ ఇసబెల్ కెర్



ఈ పుస్తకంలో ముందు పేజీల్లో మన పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు చదివారు. లెక్కలు ఎంత అవసరమో, ఆ లెక్కల వెనుక ఉన్న మనుషులను తెలుసుకోవడం కూడా అంతే అవసరం. అందుకే ఇక్కడ ఒక మహిళ జీవితం చెప్పుకుందాం. ఆమె మన ఊరి మనిషి కాదు, మన భాష మనిషి కాదు. చనిపోయి తొంభై ఏండ్లు దాటింది. కానీ ఆమె చేసిన పని మన జిల్లాలోనే, మనం బస్సులో పోయేటప్పుడు దాటిపోయే డిచ్‌పల్లిలోనే జరిగింది. ఆమె పేరు డాక్టర్ ఇసబెల్ కెర్.

ఈ జీవితం ఎందుకు రాయాలనిపించిందో ముందు చెప్పాలి. మాకు తెలిసిన ఒక సంఘంలో బీడీలు చేసే అక్క ఉంది. పేరు చెప్పను. ఆమె చేతి మీద పావలా బిళ్లంత తెల్లటి మచ్చ వచ్చింది. దురద లేదు, నొప్పి లేదు. నొప్పి లేదు గదా అని ఆమె పట్టించుకోలేదు. తర్వాత చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారినట్టు అయ్యాయి. బీడీ చుట్టేటప్పుడు ఆకు జారిపోయేది. పొయ్యి మీద గిన్నె దించితే చెయ్యి కాలినట్టే తెలియలేదు, బొబ్బ చూసి తెలుసుకుంది. అప్పుడు ఆమెకు అనుమానం వచ్చింది. వచ్చినా ఎవరికీ చెప్పలేదు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు. ఈ మాట బయటికి పోతే పిల్ల పెళ్లి ఆగిపోతుందని, సంఘంలో పక్కన ఎవరూ కూర్చోరని భయపడింది. కొంగు కప్పుకొని రెండేండ్లు మీటింగులకు వచ్చింది. మేమంతా ఆమె పక్కనే కూర్చున్నాం. ఒక్కరమూ చూడలేదు.

మన పెద్దవాళ్లు ఆ జబ్బు పేరు కూడా నోటితో అనేవాళ్లు కాదు. పెద్దరోగం అనేవాళ్లు. అదే కుష్ఠు. ఆ పెద్దరోగంతో ఇదే జిల్లాలో ఇరవై ఏండ్లకు పైగా కొట్లాడిన మనిషే ఇసబెల్ కెర్.

పుట్టుక, చదువు

ఇసబెల్ 1875లో స్కాట్లాండ్ దేశంలో గాలన్‌ఫీల్డ్ అనే చోట పుట్టింది. అది ఉత్తరాన ఇన్వర్‌నెస్ పట్టణం దగ్గర ఉంటుంది. పుట్టింటి పేరు గన్. తండ్రి వ్యవసాయం చేసేవాడు. అంటే ఆమె కూడా మనలాగే పొలం పనుల మధ్య పెరిగిన రైతుబిడ్డే.

ఆడపిల్ల డాక్టరు చదవడం ఆ కాలంలో వాళ్ల దేశంలోనూ సులువు కాదు. ఆమె పుట్టడానికి ఆరేండ్ల ముందు, 1869లో, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో కొందరు ఆడవాళ్లు వైద్యం చదువుతామని చేరితే మగ విద్యార్థులు గొడవలు చేశారు. చివరికి వాళ్లకు పట్టాలు ఇవ్వలేదు. స్కాట్లాండ్ విశ్వవిద్యాలయాలు ఆడవాళ్లకు తలుపు తెరిచింది 1892లోనే. అప్పటికి ఇసబెల్‌కు పదిహేడేండ్లు. ఆ తెరిచిన తలుపులోంచి నడిచిన మొదటి తరాల ఆడపిల్లల్లో ఆమె ఒకరు. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో డాక్టరు పట్టా తీసుకుంది.

అక్కడే అన్నీ ఉన్నాయి, మన దగ్గర ఏమీ లేదని అనుకోవద్దు. మన హైదరాబాదు మెడికల్ స్కూల్లో 1880లలోనే రూపాబాయి ఫర్దూన్‌జీ అనే ఆమె చదివి, ఆపరేషనుకు ముందు మత్తు ఇచ్చే వైద్యంలో పేరు తెచ్చుకుంది. కానీ అది పట్నం సంగతి. పల్లెల్లో ఆడవాళ్లకు డాక్టరు మొహం చూసే దారి లేదు. మంత్రసాని, నాటువైద్యుడు, దేవుడు, ఈ ముగ్గురే దిక్కు.

పట్టా అందుకున్న ఆ 1903లోనే ఇసబెల్‌కు జార్జి కెర్ అనే పాదిరితో పెళ్లయింది. 1907లో భార్యాభర్తలిద్దరూ వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చారు.

ఇందూరుకు రాక

వాళ్లు వచ్చేనాటికి ఇందూరు పేరు నిజామాబాదుగా మారి ఎక్కువ కాలం కాలేదు. సికింద్రాబాదు నుంచి మన్మాడు పోయే రైలు దారి పడి కూడా కొన్నేండ్లే అయింది. ఇప్పుడు మనకు కనిపించే పచ్చదనం అప్పుడు లేదు. నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది 1937లో. అంటే చెరుకు, కాలువ నీళ్లు, ఫ్యాక్టరీ సైరను ఇవేవీ ఇంకా లేని కాలం. చెరువు నిండితే పంట, నిండకపోతే వలస. కలరా, ప్లేగు, మశూచి వస్తే ఊర్లకు ఊర్లు ఖాళీ అయ్యేవి.

ఇసబెల్ సాధారణ వైద్యం చేయడానికే వచ్చింది. జ్వరాలు, పుండ్లు, కాన్పులు చూడాల్సిన డాక్టరు. కానీ ఆమె కంటికి ఇంకో సంగతి కనపడింది. కుష్ఠు ఉన్నవాళ్లకు చూపించుకునే చోటే లేదు. మామూలు దవాఖానాలో మిగతా రోగుల మధ్య వాళ్లను కూర్చోనివ్వరు. ఊర్లో ఉండనివ్వరు. బావి దగ్గరికి రానివ్వరు. అడుక్కుంటూ, చెట్ల కింద, గుడి మెట్ల దగ్గర, ఊరి బయట బతకాలి.

అందులోనూ ఆడవాళ్ల బతుకు ఇంకా ఘోరం. మగవాడికి జబ్బు వస్తే కనీసం భార్య అన్నం పెట్టేది. భార్యకు వస్తే పుట్టింటికి పంపేవాళ్లు. పుట్టింటివాళ్లు మిగతా ఆడపిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయని ఇంట్లోకి రానిచ్చేవాళ్లు కాదు. పిల్లలను తల్లి దగ్గర నుంచి లాక్కునేవాళ్లు. మరి ఆ తల్లి ఎక్కడికి పోవాలి?

నిజామాబాదులో మొదటి అడుగు

1911లో నిజామాబాదులోనే కుష్ఠు రోగుల కోసం ఒక చిన్న ఆశ్రమం మొదలైంది. చోటు చిన్నది, వచ్చేవాళ్లు ఎక్కువ. కొద్ది కాలంలోనే అది సరిపోకుండా పోయింది. ఇక్కడ ఒక ఉండే చోటు ఉందట, అన్నం పెడతారట, కట్టు కడతారట అనే మాట ఊరూరా పాకితే ఎంతమంది వస్తారో మనం ఊహించుకోవచ్చు.

ఇప్పుడు కావలసింది పెద్ద జాగా, డబ్బు. ఆ సమయంలో ముందుకు వచ్చినవాడు మన జిల్లా మనిషే. ధర్మదాతగా పేరున్న రాజా నర్సాగౌడ్ పెద్ద విరాళం ఇచ్చాడు. ఆయన హిందువు. వచ్చినవాళ్లు క్రైస్తవ మిషన్‌వాళ్లు. రాజ్యం ముస్లిం నవాబుది. చికిత్స కోసం వచ్చినవాళ్లు అన్ని కులాలవాళ్లు, అన్ని మతాలవాళ్లు. ఊరు తరిమేసిన మనుషుల కోసం ఇంతమంది కలిశారు. మన జిల్లా చరిత్రలో ఈ పేజీని మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

అట్లా 1915లో డిచ్‌పల్లి దగ్గర విక్టోరియా ఆస్పత్రి మొదలైంది. రైలు స్టేషను దగ్గరలో ఉండటం, చుట్టూ ఖాళీ భూమి ఉండటం కలిసొచ్చాయి. ఇసబెల్ వైద్యం చూసుకుంటే, భర్త జార్జి నిర్వహణలో తోడు నిలిచాడు. అది ఒక్క బిల్డింగు ఆస్పత్రి కాదు, మనుషులు ఏండ్ల తరబడి ఉండి చికిత్స చేయించుకునే ఒక ఊరు.

సూదిమందు రోజులు

కుష్ఠుకు కారణమైన క్రిమిని నార్వే దేశపు డాక్టర్ హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. అంటే ఇది శాపం కాదు, పూర్వజన్మ పాపం కాదు, క్రిమి వల్ల వచ్చే జబ్బు అని ఇసబెల్ పుట్టకముందే తెలుసు. కానీ ఆ క్రిమిని చంపే మందు మాత్రం దొరకలేదు.

ఉన్నదల్లా ఒక గింజల నూనె. మన ఆయుర్వేదంలో తువరకం అంటారు. చాల్ముగ్రా నూనె అన్నా, హిడ్నోకార్పస్ నూనె అన్నా ఈ జాతి చెట్ల గింజల నుంచి తీసిందే. మన దేశంలో వందల ఏండ్లుగా చర్మ రోగాలకు వాడుతున్నారు. అయితే తాగితే కడుపులో తిప్పి వాంతులు అయ్యేవి. రోగులు నాలుగు రోజులు తాగి మానేసేవాళ్లు. అందుకని డాక్టర్లు దానిని సూదిమందుగా ఇవ్వడం మొదలుపెట్టారు. కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ ఈ పద్ధతి మీద బాగా పనిచేశాడు. ఆయన సహకారంతో ఇసబెల్ డిచ్‌పల్లిలో ఈ చికిత్సను అమలు చేసింది.

ఆ చికిత్స అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. ఒక సూది వేసి పంపడం కాదు. వారం వారం వెయ్యాలి. నెలలు, ఏండ్లు వెయ్యాలి. చిక్కటి నూనె కాబట్టి సూది పొడిచిన చోట నొప్పి, వాపు. అందరికీ పూర్తిగా నయం కాదు. జబ్బు మొదట్లో వచ్చినవాళ్లకే ఎక్కువ గుణం. చేతివేళ్లు పోయాక వచ్చినవాళ్లకు పోయిన వేళ్లు తిరిగి రావు. ఇంత కష్టం ఉన్నా జనం వచ్చారు. ఎందుకంటే అంతకుముందు వాళ్లకు ఆశ అనేదే లేదు. మచ్చలు తగ్గి, జబ్బు ఆగి, ఇంటికి పోయినవాడు ఒక్కడు కనపడితే చాలు, పదిమందికి ధైర్యం వచ్చేది.

ఈ పనిలో ఆమెకు తెలిసిన గొప్ప సత్యం ఒకటుంది. మందు ఎంత ముఖ్యమో, రోగి తొందరగా రావడం అంతకంటే ముఖ్యం. తొందరగా రావాలంటే భయం పోవాలి. భయం పోవాలంటే వచ్చినవాళ్లను గౌరవంగా చూడాలి. వచ్చిన మనిషిని తాకి, చేయి పట్టుకొని చూసే డాక్టరు ఉంటేనే రెండో మనిషి వస్తాడు.

ఒక్క డాక్టరు చేతులు చాలవు

మన సంఘాలకు బాగా పనికొచ్చే సంగతి ఇక్కడుంది. వందల మందికి వారం వారం సూదులు, రోజూ పుండ్లు కడగడం, కట్లు కట్టడం, మందుల లెక్క రాయడం, కొత్తగా వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పడం ఒక్క డాక్టరు వల్ల అయ్యే పని కాదు. ఎన్ని చదువులు చదివినా చేతులు రెండే గదా.

ఆ రోజుల్లో కుష్ఠు ఆస్పత్రులు నడిచింది అక్కడే నేర్చుకున్న మామూలు మనుషులతో. డాక్టరు చదువు లేకపోయినా పుండు ఎట్లా కడగాలి, సూది ఎట్లా ఉడకబెట్టాలి, మచ్చ మీద స్పర్శ ఉందో లేదో ఎట్లా చూడాలి అనేవి నేర్పితే ఎవరైనా నేర్చుకుంటారు. చికిత్స పొంది బాగుపడినవాళ్లే తర్వాత వచ్చినవాళ్లకు కట్లు కట్టేవాళ్లు. తనకు జబ్బు వచ్చి తగ్గిన మనిషి చెప్పే మాట, డాక్టరు చెప్పే మాట కంటే గట్టిగా పనిచేస్తుంది. ఊరు పనికిరారని తరిమేసిన మనుషులు అక్కడ ఇంకొకరికి ఆసరా అయ్యారు.

మిషన్ ఆస్పత్రుల చరిత్ర చూస్తే అంతటా ఇదే దారి. పరదా చాటున ఉండే ఆడవాళ్లు మగ డాక్టరు దగ్గరికి రారు కాబట్టి ఆడ డాక్టర్లు వచ్చారు. డాక్టర్లు చాలరు కాబట్టి స్థానిక ఆడపిల్లలకు నర్సు పని నేర్పారు. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1883 నుంచి అట్లాంటి పనే చేసింది. వెల్లూరులో డాక్టర్ ఐడా స్కడర్ 1918లో ఆడవాళ్ల కోసం వైద్య పాఠశాల పెట్టింది.

గౌరవం, మరణం

ఇసబెల్ చేసిన సేవకు 1923లో అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం కైసరె హింద్ పతకం ఇచ్చింది. ఆ తర్వాత కూడా ఆమె డిచ్‌పల్లిలోనే పనిచేసింది. 1932లో కన్నుమూసింది. అప్పటికి వయసు 56 ఏండ్లు. నిజాంసాగర్ నీళ్లు కాలువల్లో పారడం మొదలైన రోజులవి. జిల్లా పచ్చబడటం ఆమె ఎక్కువ కాలం చూడలేదు. కుష్ఠును నిజంగా నయం చేసే మందు రావడం అసలే చూడలేదు.

ఆమె లేకపోయినా ఆస్పత్రి ఆగలేదు. ఆమె తర్వాత కూడా డిచ్‌పల్లిలో చికిత్స సాగింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక మెదక్ అధ్యక్ష మండలం కిందికి వచ్చింది. 1920లలో డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో తర్వాత కలకత్తా, అక్కడి నుంచి ఆఫ్రికాలోని నైజీరియా వెళ్లాడు. డాప్సోన్ అనే మందును చిన్న మోతాదులో మాత్రగా ఇస్తే కుష్ఠుకు పనిచేస్తుందని 1940ల చివర్లో చూపించినవాళ్లలో ఆయన ఒకడు. మన డిచ్‌పల్లిలో రోగులను చూసి నేర్చుకున్న డాక్టరు, ప్రపంచానికి పనికొచ్చే పని చేశాడన్న మాట.

ఆమెను ఎట్లా చూడాలి?

ఎవరి జీవితం రాసినా మంచి ఒక్కటే రాస్తే అది పొగడ్త అవుతుంది, జీవితం కాదు. ఇసబెల్ మిషన్ మనిషి. ఆమె వచ్చిన మిషన్‌కు వైద్యంతో పాటు తన మతాన్ని చెప్పడం కూడా ఒక ఉద్దేశం. ఇది దాచాల్సిన పని లేదు. ఆ రోజుల ఆశ్రమ పద్ధతిలో రోగులు ఏండ్ల తరబడి ఇంటికి, పిల్లలకు దూరంగా ఉండాల్సి వచ్చింది. మంచి మందు లేని కాలంలో వేరే దారి తోచలేదు. కానీ దానివల్ల కుష్ఠు వచ్చినవాళ్లు ఊర్లో ఉండకూడదు అనే భావన కూడా బలపడింది. ఈ రోజు ఆ పద్ధతి అవసరం లేదు. ఈ రోజు రోగి తన ఇంట్లోనే, తన పిల్లల మధ్యనే, తన పని చేసుకుంటూ మందు వాడొచ్చు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఊరు వాళ్లను తరిమినప్పుడు ఆమె తలుపు తీసింది. పూర్తిగా నయం చేసే మందు లేదని తెలిసీ చేయగలిగింది చేసింది. మనం మాత్రం నయం చేసే మందు ఉండి కూడా మచ్చను కొంగు కింద దాస్తున్నాం.

డిచ్‌పల్లి తర్వాతి దారి

1980ల మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి చెప్పింది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్. దీనినే ఎండీటీ అంటారు. జబ్బు తక్కువ ఉంటే 6 నెలలు, ఎక్కువ ఉంటే 12 నెలలు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి ఇతరులకు అంటదు. 1983లో మన దేశంలో కుష్ఠు నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 2005 చివరికి దేశం మొత్తం మీద 10,000 మందికి ఒక కేసు కంటే తక్కువకు వచ్చింది. తక్కువ అయింది గాని పోలేదు. ఈ రోజుకీ కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి.

కేసులు తక్కువైనప్పుడు వాటిని కనిపెట్టడం కష్టం అవుతుంది. డాక్టరు ఇల్లిల్లూ తిరగలేడు. అక్కడే ఊరి మహిళ అవసరం. మహారాష్ట్రలో జామ్‌ఖేడ్ అనే కరువు ప్రాంతంలో, వెల్లూరులో చదివిన డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, డాక్టర్ మేబెల్ ఆరోలే 1970లో పని మొదలుపెట్టారు. అక్షరం రాని పల్లె ఆడవాళ్లకు, అందులోనూ దళిత మహిళలకు ఆరోగ్య శిక్షణ ఇచ్చారు. కాన్పులు, పిల్లల బరువు, శుభ్రమైన నీళ్లు, కుష్ఠు మచ్చలు గుర్తుపట్టడం అన్నీ వాళ్లు నేర్చుకున్నారు. చదువు రానిది ఆరోగ్యం ఏం చెప్తుంది అని నవ్వినవాళ్లే తర్వాత ఆమె ఇంటి ముందు నిలబడ్డారు. ఆరోలే దంపతులకు 1979లో మెగసెసె అవార్డు వచ్చింది.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. దాంతో ఊరికి ఒక ఆశా కార్యకర్త వచ్చింది. సుమారు 1,000 మంది జనాభాకు ఒక ఆశా. ఆమె మన ఊరి కోడలే, చాలా చోట్ల మన సంఘం సభ్యురాలే. డిచ్‌పల్లిలో ఒక డాక్టరమ్మ పడ్డ కష్టంలో కొంత భాగం ఈ రోజు మన ఆశా అక్క సంచిలో ఉంది.

మన సంఘాలు ఏం చేయాలి?

ఇది చదివి పుస్తకం మూసేస్తే లాభం లేదు. సమావేశంలో ఒకసారి చదివి వినిపించండి. తర్వాత ఈ సంగతులు మాట్లాడుకోండి.

చర్మం మీద తెల్లగా గాని, ఎర్రగా గాని మచ్చ ఉండి, అక్కడ స్పర్శ లేకపోతే అనుమానించాలి. కళ్లు మూసుకొని దూదితో తాకితే తెలియాలి. తెలియకపోతే దాయొద్దు. చేతులు, కాళ్లు తిమ్మిరి పట్టడం, పట్టు తప్పడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, నొప్పి లేని పుండు, కనుబొమ్మల వెంట్రుకలు రాలడం, చెవి తమ్మెలు ఉబ్బడం కూడా గుర్తులే. నొప్పి లేదు గదా అని వదలడమే పెద్ద తప్పు. ఈ జబ్బులో నొప్పి లేకపోవడమే ప్రమాదం.

మన జిల్లాలో ఆడవాళ్ల బతుకంతా చేతివేళ్ల మీదనే ఉంది. బీడీ చుట్టాలన్నా, చెరుకు నరకాలన్నా, పసుపు ఉడకబెట్టాలన్నా, నాటు వేయాలన్నా వేళ్లు కావాలి. వేళ్లకు స్పర్శ పోతే కొడవలి తెగినా తెలియదు, కాలినా తెలియదు. పుండు పడి, చీము పట్టి వేళ్లు పోతాయి. జబ్బు వేళ్లను తినదు. స్పర్శ పోయిన వేళ్లకు తగిలే దెబ్బలే వాటిని పోగొడతాయి. ముందే మందు మొదలుపెడితే ఇది ఏదీ జరగదు.

ఇది గాలిలో ఊరికే అంటుకునే జబ్బు కాదు. మందు వాడని రోగితో చాలా కాలం దగ్గరగా ఉంటేనే వచ్చే అవకాశం ఉంటుంది. చాలామందికి దీనిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. పక్కన కూర్చుంటే రాదు. సంఘం పుస్తకం మీద ఆమె సంతకం చేస్తే రాదు. మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. రోగి ఇంట్లోవాళ్లను కూడా పరీక్ష చేసి, అవసరమైతే ముందుజాగ్రత్తగా ఒక మోతాదు మందు ఇస్తారు.

చట్టం కూడా మారింది. 1898 నాటి కుష్ఠు చట్టాన్ని 2016లో తీసేశారు. కుష్ఠు ఉందని విడాకులు అడగడానికి ఉన్న వీలును 2019లో పార్లమెంటు రద్దు చేసింది. హిందూ, ముస్లిం, క్రైస్తవ పెళ్లి చట్టాలన్నింటికీ ఇది వర్తిస్తుంది. ఏ అత్తగారింటివాళ్లయినా ఈ పేరు చెప్పి కోడలిని పంపిస్తామంటే సంఘం గట్టిగా నిలబడాలి. జబ్బు వల్ల వైకల్యం మిగిలితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో వాళ్లకు చోటు ఉంది. వైకల్య సర్టిఫికెట్‌కు తీసుకుపోవాలి.

ఏటా జనవరి 30, గాంధీ వర్ధంతి రోజు, కుష్ఠు వ్యతిరేక దినం. గాంధీ సేవాగ్రాంలో కుష్ఠు వచ్చిన పర్చురే శాస్త్రి పుండ్లను తన చేతులతో శుభ్రం చేశాడు. ఆ రోజు ప్రతి గ్రామ సంఘం ఆశా అక్కను పిలిచి ఒక గంట కూర్చుంటే చాలు. తీర్మానం పుస్తకంలో రాసుకోండి. వచ్చే ఏడు అది జరిగిందా లేదా అని చూసుకోండి.

చివరి మాట

మొదట్లో చెప్పిన బీడీల అక్క సంగతి ఏమైందని అడుగుతారేమో. ఒక రోజు మీటింగులో ఛాయ్ గ్లాసు ఆమె చేతిలోంచి జారింది. వేడి ఛాయ్ చెయ్యి మీద పడినా ఆమె ఉలిక్కిపడలేదు. ఆమె పక్కన కూర్చున్న ఆశా అక్క ఆ ఒక్కటి చూసింది. ఎవరికీ చెప్పకుండా మరునాడు ఇంటికి పోయి, చెయ్యి పట్టుకొని చూసింది. పీహెచ్‌సీకి తీసుకుపోయింది. పన్నెండు నెలలు మందు వాడింది. జబ్బు తగ్గింది. రెండు వేళ్లు మాత్రం కొంచెం వంగిపోయే ఉన్నాయి. రెండేండ్ల ముందు మేము చూసి ఉంటే అవి కూడా వంగేవి కావు. ఆ తప్పు ఆమెది ఒక్కదానిది కాదు, మా అందరిదీ. కూతురి పెళ్లి అయింది. పెళ్లిలో వడ్డించింది ఆ తల్లే.

డాక్టర్ ఇసబెల్ కెర్ అంత దూరం నుంచి వచ్చి, ఎవరూ తాకని చేతులను తాకింది. మన పక్కన కూర్చున్న మన అక్క చెయ్యి పట్టుకోవడానికి మనకు సముద్రం దాటే పని లేదు. చాప మీద కొంచెం పక్కకు జరిగితే చాలు.